నాక్ సెన్సార్ తప్పేమీ లేదు

శృంగవరపుకోటలో అరకు వెళ్లే రోడ్డు మొదట్లో కార్ల షెడ్డు నడిపే నూకరాజు మేస్త్రీ, ఇంజిను చెప్పేది చివరిదాకా వినేవాడు గాని, మనిషి చెప్పేది మాత్రం సగంలోనే తుంచేసేవాడు.

అందులో తప్పంతా అతనిదేనని అనలేం. బండి తెచ్చినవాళ్లు బండి సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోరు. పెళ్లికి వెళ్లొచ్చినప్పటినుంచీ ఇలా ఉందనో, బావమరిది తోలినప్పుడే మొదలైందనో ఎక్కడో ఎత్తుకుని ఎక్కడికో తీసుకుపోతారు. నూకరాజుకి అంత ఓపిక ఉండేది కాదు. "సరే సరే, తెలిసింది" అని బానెట్ ఎత్తేసేవాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజినుకి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. చాలాసార్లు రోగం దొరికిపోయేది. అలా దొరికిన కొద్దీ అతనికి మనుషుల మాట మీద గౌరవం తగ్గుతూ వచ్చింది.

వచ్చేపోయే వాళ్లందరిలోనూ అతని ప్రాణం తోడేసేవాడు గంగునాయుడు. అరవై దాటిన మనిషి. ఒక పాత పెట్రోలు కారు ఉండేది. రోజూ పొద్దున నలుగురు టీచరమ్మలని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీదుగా కొండమీద బడికి తీసుకెళ్లేవాడు, సాయంత్రం మళ్లీ కిందికి తెచ్చేవాడు. ఆ నలుగురూ ఎక్కితేనే అతని ఇంట్లో పొయ్యి వెలిగేది. మంచివాడే. కాని మాట మొదలుపెట్టాడంటే అసలు సంగతికి రావడానికి ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరగాల్సిందే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం గంగునాయుడు షెడ్డుకి వచ్చాడు. అప్పటికే మూడు కార్లు వరసలో ఉన్నాయి.

"మేస్త్రీ, బండి కొండెక్కనంటంది. డబ్బాలో గులకరాళ్లేసి ఊపినట్టు టకటకమంటంది. ముందల పసుప్పచ్చ దీపం ఎలుగుతంది. అసలేటైందంటే, మా తోడల్లుడు లేడూ, ఆడు కొండమీద కొట్టెట్టినాడు..."

"మావా, నీ తోడల్లుడి కొట్టుతో నాకేటి పని? ముందు తాళం ఇటివ్వు."

నూకరాజు కారు కంప్యూటర్‌కి స్కానర్ తగిలించాడు. తెర మీద నాక్ సెన్సార్ అని వచ్చింది. దొంగ దొరికాడన్నట్టు తలాడించాడు.

"అదేటి మేస్త్రీ?" అని అడిగాడు గంగునాయుడు.

"చెవి మావా. ఇంజిను ఒంటికి బోల్టుతో బిగించిన చెవి. లోపల పెట్రోలు సరైన వేళకి, సరిగ్గా మండాలి. అలాక్కాకుండా వేళ తప్పి తనంతట తనే భగ్గుమందనుకో, పిస్టన్‌కి దెబ్బ తగుల్తాది. నువ్వన్న టకటక అదే. ఆ అదురుని ఈ చెవి పసిగట్టి కంప్యూటర్‌కి చెప్తాది. కంప్యూటర్ నిప్పురవ్వని కొంచెం ఆలస్యంగా ఇస్తాది. లాగుడు తగ్గుతాది గాని ఇంజిను బతుకుతాది."

"ఇన్ని కిలోమీటర్లకి మార్చాలని ఉంటాదేటి?"

"గడువేం లేదు. వైరు తెగినా, ప్లగ్గులోకి నీళ్లు దిగి తుప్పు పట్టినా, లోపల పగిలినా మార్చాలి. లేకపోతే బండి ఉన్నన్నాళ్లూ ఉంటాది. ముందు వైరు చూడాలి. బోల్టు బిగువు చూడాలి. తర్వాత మీటరు తగిలించి, సెన్సార్ పక్కన స్పానరుతో చిన్నగా తట్టాలి. ముల్లు కదిలిందంటే చెవి వింటన్నట్టే."

ఎంత చక్కగా చెప్పాడు. ఇంత చెప్పిన మనిషి అందులో ఒక్కటీ చెయ్యలేదు. తెర మీద పేరు కనిపించింది, వెనక మూడు బళ్లున్నాయి, ఎదురుగా గంగునాయుడు మళ్లీ తోడల్లుడి దగ్గరికి వచ్చేలా ఉన్నాడు. పాత సెన్సార్ విప్పి బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. కొత్తది బిగించి, స్కానర్‌తో పాత ఫిర్యాదు చెరిపేశాడు. దీపం ఆరిపోయింది. గంగునాయుడు దండం పెట్టి వెళ్లాడు.

పది రోజులకి మళ్లీ వచ్చాడు. దీపం వెలుగుతోంది. టకటక ఉంది. కారు కొండ మొదట్లోనే నీరసపడిపోతోంది.

నూకరాజుకి చిర్రెత్తుకొచ్చింది. కొత్త సెన్సార్ పది రోజులకే పోవడమేమిటి? నకిలీ సరుకు అంటగట్టాడని సామాన్ల కొట్టువాణ్ని ఫోనులో నాలుగు తిట్టాడు. ఈసారి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని విన్నాడు కూడా. ఏమీ వినిపించలేదు. వినిపించదు మరి. షెడ్డులో ఊరికే తిరుగుతున్న ఇంజిను టకటకమనదు, బరువుతో కొండెక్కేటప్పుడే అంటుంది. ఆ సంగతి నూకరాజుకి తెలియక కాదు. కాని కొండదాకా వెళ్లి రావడానికి గంట పడుతుంది. ఆ గంటసేపూ గంగునాయుడు పక్క సీట్లో కూర్చుంటాడు.

"సెన్సార్ సంగతి నాకు తెల్దు గాని మేస్త్రీ, మా తోడల్లుడి కొట్టుకాడ..."

"మావా, నీకు పుణ్యం ఉంటాది. ఆ ఎదర బడ్డీకెళ్లి టీ తాగి రా."

గంగునాయుడు టీ తాగి వచ్చేసరికి రెండో కొత్త సెన్సార్ బిగించి ఉంది, మొదటి కొత్తది కూడా బిస్కెట్ల డబ్బాలో చేరింది.

అది వారం కూడా నిలవలేదు. ఈసారి గంగునాయుడు ముఖం వాడిపోయింది. "పదో క్లాసు పరీక్షలు వస్తన్నాయి మేస్త్రీ. టీచరమ్మలకి అక్కడ డ్యూటీ. మళ్లీ లేటైతే జీపు మాటాడుకుంటామన్నారు. ఆళ్లెల్లిపోతే నాకింకేటుంది? నా మాట కూసింత ఇను. మా తోడల్లుడు..."

నూకరాజు చేతిలోని స్పానరు బల్ల మీద పడేశాడు. ఆ తోడల్లుణ్ని అతను ఏనాడూ చూడలేదు గాని, ఆ క్షణంలో లోకంలో అంతకన్నా పెద్ద శత్రువు లేడనిపించింది. ఎన్నిసార్లు మార్చినా ఫిర్యాదు చేస్తూనే ఉన్న ఆ సెన్సార్ మీద కూడా అంతే కోపం వచ్చింది. గంగునాయుడి నోరూ, దాని నోరూ ఒకేసారి మూయించాలనుకున్నాడు.

సెన్సార్ వైరు కత్తిరించాడు. దాని బదులు కంప్యూటర్ని నమ్మించే చిన్న ముక్క ఒకటి అతికించి టేపు చుట్టాడు. ఇక లోపల ఎంత టకటకమన్నా కంప్యూటర్‌కి అంతా ప్రశాంతంగానే ఉంటుంది. అది చెయ్యకూడని పని అని అతనికి తెలుసు. చేస్తున్నప్పుడు వేళ్లు ఒకసారి ఆగాయి కూడా. "పీడ విరగడైంది" అనుకుని బానెట్ వేసేశాడు.

దీపం ఆరింది. నిప్పురవ్వని ఆలస్యం చేసేవాళ్లు లేరు కాబట్టి లాగుడూ వచ్చేసింది. టకటక అప్పుడప్పుడు వినిపించినా, దీపం లేదు కదా అని గంగునాయుడు ధైర్యంగా ఉన్నాడు. కొండమీది నుంచి రెండు చీపురుకట్టలు తెచ్చి నూకరాజు చేతిలో పెట్టాడు. "నువ్వు దేవుడివి మేస్త్రీ" అన్నాడు. నూకరాజు ఆ చీపుర్లని గోడకి ఆనించి, అటు చూడకుండా పని చేసుకున్నాడు.

పరీక్షలు మొదలయ్యే రోజు పొద్దున, ఘాట్ రోడ్డులో సగం పైకి వెళ్లాక, ఆ కారు ఇంజిను లోపల పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. వెనక పొగ కమ్మేసింది. టీచరమ్మలు దిగి, చీరలు ఎత్తిపట్టుకుని, కూరగాయల వ్యాను ఒకటి ఆపి అందులో నిలబడి వెళ్లారు. బెల్లు కొట్టే వేళకి చేరారో లేదో గంగునాయుడికి తెలియదు. మధ్యాహ్నం దాకా పిట్టగోడ మీద కూర్చుని, ఆనక ఒక లారీకి మోకు కట్టించుకుని కారుని షెడ్డుకి తెచ్చాడు.

నూకరాజు ఇంజిను విప్పాడు. ఒక పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టు విరిగి ఉంది. ఇంకొకటి కరిగిపోయి చిల్లు పడింది. అతను స్టూలు మీద కూలబడ్డాడు. గంగునాయుడు తిడతాడని ఎదురుచూశాడు. గంగునాయుడు తిట్టలేదు. కనీసం మాట్లాడలేదు. షెడ్డులో అంత నిశ్శబ్దం నూకరాజు ఎప్పుడూ కోరుకున్నదే. ఇప్పుడది భరించలేకపోయాడు.

"చెప్పు మావా" అన్నాడు చివరికి. "ఆ తోడల్లుడి సంగతేటి?"

"ఇప్పుడేటి సెప్పమంటావు?"

"ఇప్పుడైనా చెప్పు."

గంగునాయుడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆడు కొట్లో సీసాల్లో పెట్రోలు అమ్ముతాడు. సొంతోడు గదాని, ఆడు కొట్టెట్టిన కాణ్నుంచీ రోజూ ఆడికాడే పోయిస్తన్నాను. అంతకు ముందు మన కోటలో బంకుకాడే పోయించీవోణ్ని. ఆడు అందులో కిరసనాయిలు కలుపుతాడని బైకులోళ్లు అంటన్నారు. అది బండికి పడతాదా, పడదా అని నిన్నడుగుదారనొచ్చినాను. మూడుసార్లొచ్చినాను మేస్త్రీ."

కిరసనాయిలు కలిసిన పెట్రోలు వేళ తప్పి మండుతుంది. టకటకమంటుంది. సెన్సార్ విని చెప్పింది. చెప్పడమే దాని పని. తెర మీద కనిపించింది చెప్పినవాడి పేరే గాని, తప్పు చేసినవాడి పేరు కాదు.

అతను లేచి బిస్కెట్ల డబ్బా తీశాడు. మొట్టమొదట విప్పిన సెన్సార్‌కి మీటరు తగిలించి, పక్కన స్పానరుతో తట్టాడు. ముల్లు ఎగిరింది. రెండోదాన్నీ తట్టాడు. ఎగిరింది. ఇంజినుకే ఉండిపోయిన మూడోదీ అంతే. మూడూ నిక్షేపంలా ఉన్నాయి. మీటరు తీసి తట్టి చూడటానికి పట్టింది రెండు నిమిషాలు. తన మీద తనకే అసహ్యం వేసింది.

నూకరాజు కూలి తీసుకోకుండా ఇంజిను బాగుచేశాడు. కత్తిరించిన వైరుని మళ్లీ అతికించి, మొదటి సెన్సార్‌నే దాని చోట బిగించాడు. ఆ పని అయ్యేసరికి పన్నెండు రోజులు పట్టింది. అప్పటికి టీచరమ్మలు జీపుకి అలవాటు పడిపోయారు. వేసవి సెలవుల తర్వాత ఇద్దరే తిరిగొచ్చారు. మిగతా రెండు సీట్లు నింపుకోవడానికి గంగునాయుడు ఆ వయసులో బస్టాండులో నిలబడి కేకలు పెట్టాల్సి వచ్చింది. నూకరాజు అటుగా వెళ్లినప్పుడల్లా ఆ కేక విని తల దించుకునేవాడు.

జూలైలో ఒకరోజు గంగునాయుడు షెడ్డుకి వచ్చాడు. "మేస్త్రీ, కారులో కంపు కొడతంది. ఏసీ లోంచే అనుకుంటన్నాను. ఏటైందంటే, మా మనవరాలు ఒకటో క్లాసులో సేరినాది..."

షెడ్డులో నాలుగు బళ్లున్నాయి. నూకరాజు దవడలు బిగుసుకున్నాయి. చెయ్యి దానంతటదే బానెట్ మీదికి వెళ్లింది. దాన్ని వెనక్కి లాక్కుని, గాలి మిషను ఆపేసి, గంగునాయుడికి స్టూలు వేశాడు. తను ఇంకో స్టూలు మీద కూర్చున్నాడు. "చెప్పు మావా" అన్నాడు పళ్లబిగువున.

గంగునాయుడు చెప్పాడు. మనవరాలి బడి గురించి, సంచి రంగు గురించి, దానికి కొత్తగా ఊడిన పన్ను గురించి, బళ్లో మధ్యాహ్నం పెట్టే కోడిగుడ్డు గురించి. నూకరాజుకి రెండుసార్లు ఒళ్లు మండింది, మూడుసార్లు నాలుక కరుచుకున్నాడు. పావుగంట గడిచింది. "...ఆ గుడ్డు దానికి నచ్చదు. సాయంత్రం ఈ కారులోనే ఇంటికి తెస్తన్నాను గదా, దారిలో ఎక్కడో దాసేస్తాది" అన్నాడు గంగునాయుడు.

నూకరాజు లేచి వెళ్లి వెనక సీటు కింద చెయ్యి పెట్టాడు. మూడు గుడ్లు దొరికాయి. స్పానరు ముట్టకుండానే బండి బాగైపోయింది.

పిల్లలూ, చెప్పేవాడి నోరు మూయించినంత మాత్రాన తప్పు మాయమైపోదు. విసుగొచ్చినా సరే, ఎదుటివాడి మాట చివరిదాకా విన్నవాడికే అసలు రోగం దొరుకుతుంది.