ఒకే స్టేజీలో ఎక్కిన నిద్ర

ఒక చిన్న పట్నంలోని ఇంజనీరింగు కాలేజీలో పరాంకుశం అనే పరిశోధకుడు ఉండేవాడు; తెలివికి లోటు లేదు గానీ, కుర్చీ దిగి రోడ్డెక్కడమంటే అతనికి నామోషీ.

రోడ్డు ప్రమాదాలు తగ్గించాలని అతను ఒక పరికరం తయారుచేశాడు. అది డ్రైవరుకి ఎదురుగా ఉండి కళ్ళనే చూస్తూ ఉంటుంది. రెప్పలు వాలితే గంట మోగిస్తుంది, ఆ సంగతి పరాంకుశం కంప్యూటరుకి చేరవేస్తుంది. గదిలో ట్యూబులైటు కింద విద్యార్థులను కూర్చోబెట్టి పరీక్షిస్తే ఒక్కసారీ తప్పలేదు. దాంతో డిపోవాళ్ళు ఒక బస్సులో పెట్టి చూస్తామన్నారు.

ఆ బస్సు నడిపేది పైడయ్య. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క ప్రమాదమైనా చెయ్యని మనిషి. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. మాట పడకుండా స్టీరింగు దిగాలన్నదొక్కటే అతని కోరిక. కానీ గంట మోగింది. రోజూ సాయంత్రం, చింతలమెట్ట స్టేజీ దాటగానే మోగింది. పరాంకుశం మురిసిపోయాడు. పైడయ్య బండి నడుపుతూ నిద్రపోతున్నాడని డిపో మేనేజరుకి రాసి పంపాడు.

పైడయ్య కాలేజీకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తండ్రి వయసువాడు. పరాంకుశం కూర్చోమని కూడా అనలేదు.

"నాను పడుకోలేదు బాబూ. నిద్దరేటి, రోజూ ఒకే స్టేజీలో ఎక్కుతాదా? ఒక్కపాలి నాతో వచ్చి చూడండి" అన్నాడు పైడయ్య.

"యంత్రం అబద్ధం చెప్పదు. నువ్వు వెళ్ళు" అన్నాడు పరాంకుశం, తల తిప్పకుండానే.

పైడయ్యను డిపో గేటు దగ్గర కాపలాకి వేశారు. నిద్ర తీరిందా అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు.

ఆ బస్సుకి కొత్త డ్రైవరు వచ్చాడు. గంట మళ్ళీ చింతలమెట్ట దగ్గరే మోగింది. అతణ్ణి మార్చి ఇంకొకణ్ణి వేశారు. మళ్ళీ అక్కడే. ఇలా మూడు నెలలు గడిచేసరికి పరాంకుశానికి తన యంత్రం మీదే అనుమానం వచ్చింది. చేసేది లేక బస్సెక్కి, డ్రైవరు పక్కన కూర్చుని, ఇంకో పరికరం తన ముఖానికే ఎదురుగా పెట్టుకున్నాడు.

చింతలమెట్ట దాటి బస్సు పడమటికి తిరిగింది. సాయంత్రపు ఎండ అద్దంలోంచి సూటిగా మొహాన కొట్టింది. పరాంకుశం కళ్ళు చికిలించాడు; రెప్పలు సగం వాలాయి. అతని ఎదుట ఉన్న గంటే ముందు మోగింది. ఆ గంట సంగతి రోజూ ఎక్కేవాళ్ళకి తెలిసిందే.

"పాపం, బాబుకి నిద్దరొచ్చీసినట్టుంది" అంది వెనక సీట్లో కూరగాయల బుట్టతో కూర్చున్న ఆవిడ. బస్సంతా నవ్వింది.

"నేను నిద్రపోలేదండీ" అన్నాడు పరాంకుశం. అన్నాక, ఆ మాట అంతకుముందు ఎవరి నోట విన్నాడో గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయాడు. దిగేదాకా తలెత్తలేదు.

మర్నాడు డ్యూటీలు మారే వేళ, డిపోలో అందరూ వింటుండగా, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. "నన్ను క్షమించండి పైడయ్యగారూ. మీరు రమ్మన్న రోజే రావలసింది" అన్నాడు. మేనేజరు పైడయ్యని మళ్ళీ ఆ బస్సుకే వేశాడు.

పైడయ్య, "మీ యంత్రం మంచిదే బాబూ. దానికి కాసింత ఎండ చూపించండి" అని, భుజమ్మీది తువ్వాలు దులుపుకుని తన బస్సు వైపు నడిచాడు. స్టీరింగు మీద అతనికి మిగిలింది ఒక్క నెలే. గేటు దగ్గర పోయిన మూడు నెలలను పరాంకుశం తిరిగి ఇవ్వలేకపోయాడు. ఆ సిగ్గు అతణ్ణి చాలాకాలం వదల్లేదు.

ఒకరి మీద నింద వేసే ముందు, వాళ్ళు కూర్చున్న చోట మనం ఒక్కసారి కూర్చుని చూడాలి.