గుప్పెడు మట్టి

అనగా అనగా, రాజులు గుర్రాల మీద తిరిగే రోజుల్లో, మంజిష్ఠపాడు అనే ఊరుండేది. ఊరి పక్కన ఒక వర్తకుడి అద్దకం కార్ఖానా ఉండేది. వర్తకుడు బాగా గడించి, తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోయాడు. రంగుల కుండీలను మాత్రం అలాగే వదిలేశాడు. వాటిలోని విషం నేలలోకి దిగి, ఊరి బావి నీళ్లు చేదెక్కాయి.

ఆ ఊళ్లో అంకాలు అనే కుమ్మరామె ఉండేది. ఆమెకు పైడి ఒక్కతే కూతురు. ఆ నీళ్లు తాగి పైడి మంచం పట్టింది.

అంకాలు రాజుగారి దగ్గరికి పరుగెత్తింది. "కార్ఖానా వర్తకుడిది. అతన్నే అడుగు" అన్నాడు రాజు.

వర్తకుడి మేడకు వెళ్లింది. "నేను వదిలేసిన చోటు నాదెలా అవుతుంది?" అని నవ్వాడు వర్తకుడు. ఆహా, ఏం న్యాయం!

చివరికి ఊరివాళ్ల కాళ్లావేళ్లా పడింది. "అన్నా, వదినా, ఆ పాడు మట్టిని తలో తట్టా ఎత్తేద్దాం రండి" అంది.

"మా నాట్లు అయిపోనీ, అంకాలూ" అన్నారు కొందరు. "చేదైతేనేం, బెల్లంముక్క కొరుక్కుని తాగుతున్నాంగా" అన్నారు ఇంకొందరు. ఒక్కరూ రాలేదు.

అంకాలు ఒంటరిగానే తవ్వింది. ఒక్క మనిషి ఎంతని తవ్వుతుంది? నాట్లు పూర్తికాకముందే పైడి కన్నుమూసింది.

ఆచారం ప్రకారం మట్టి వెయ్యడానికి ఊరంతా వచ్చింది. పని ఆపుకుని మరీ వచ్చారు. ఒక్కొక్కరూ వంగి గుప్పెడు మట్టి వేశారు. చూస్తుండగానే గుంట పూడిపోయింది.

అంకాలు బావురుమంది. "ఎంతమంది ఉన్నారయ్యా మీరు! గుప్పెడేసి మట్టికే ఇంత గుంట పూడిందే. ఇవే చేతులతో అక్కడ తలో తట్టా ఎత్తి ఉంటే, నా బిడ్డ ఇక్కడ పడుకునేదా?"

శ్మశానం నుంచి వచ్చాక బావి దగ్గర స్నానం చెయ్యనిదే ఆ ఊళ్లో ఎవరూ ఇంటి గడప తొక్కరు. ఆ రోజు బావి వైపు చూడటానికి ఎవరికీ మొహం చెల్లలేదు. అందరూ తిన్నగా కార్ఖానాకే నడిచారు.

విషం మళ్లీ నేలలోకి దిగకుండా, దూరంగా ఒక రాతిగుంటకు అంకాలు బంకమన్ను దట్టంగా మెత్తింది. విషపు మట్టినంతా అందులో పూడ్చారు. సంగతి విని సిగ్గుపడ్డ రాజు బండ్లు పంపాడు, వర్తకుడి చేతా తట్ట మోయించాడు.

ఎన్నో వానాకాలాలు పోయాక బావి నీళ్లు తేటపడ్డాయి. తొలి కడవ అంకాలుకే ఇచ్చారు. ఆమె తాగలేదు. కూతుర్ని పూడ్చిన చోటికి మోసుకెళ్లి, "తాగమ్మా, ఇప్పుడు తియ్యగా ఉన్నాయి" అంటూ పోసింది.

అందుకే పిల్లలూ, ఊరికి పట్టిన కీడును ఊరంతా కలిసి వదిలించాలి; ఒక ఇంట్లో ఏడుపు వినబడ్డాక కాదు, వినబడకముందే.