ఒక పక్కకి ఒరిగిన కరెంటు

చిన్నారమ్మని అందరూ తల్లీ అనే పిలిచేవారు. ఆమె తత్వం పాడితే కొండ మీది పల్లెలన్నీ వచ్చి కూర్చునేవి. పెద్దతనం వచ్చి ఆమె గొంతు సన్నబడింది. అందుకని శిష్యుడు పోలినాయుడు తన చేతుల్తోనే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి, ఆమెకో మైకుసెట్టు చేసిచ్చాడు.

చలి ముదిరేసరికి ఆ ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమనడం మొదలెట్టింది. తల్లి గొంతు ఆ మోతలో కలిసిపోయేది. వెనక కూర్చున్న ముసలాళ్ళు చెవులు రిక్కించి రిక్కించి, ఇక లాభంలేదని లేచి పోయేవారు.

నాయుడు మరలు బిగించాడు. వార్నిషు పోశాడు. ఆఖరికి సంగతి పట్టేశాడు.

"అమ్మా, తప్పు నాది కాదు. ఎదురింటి బాలింత హీటరు సగం వేడి మీద పెడతంది. కరెంటు ముందుకీ వెనక్కీ సమంగా ఊగాల కదా, అది ఒక పక్క ఊపునే లాక్కోడం వల్ల మనకి ఒక పక్కకి ఒరిగి వస్తంది. నా ట్రాన్స్‌ఫార్మర్లో ఇనుము ఓర్చుకోలేక మూలుగుతంది. పాట అయ్యేదాకా కట్టెయ్యమని నువ్వొక్క మాట చెప్పు. నీ మాట కాదనదు."

"పద" అంది తల్లి.

బయటంతా మంచు. ఎదురిల్లే కనపడలేదు. ఇద్దరూ మబ్బులో నడిచినట్టు నడిచి గుమ్మం ఎక్కారు. లోపల గది వెచ్చగా ఉంది. చీర ఉయ్యాల్లో పాప కదులుతోంది, ఏడుపుకి మూతి విరుస్తోంది. బాలింత పైడమ్మ లేవబోతే చిన్నారమ్మ వద్దంది. ఉయ్యాల తాడు తీసి నాయుడి చేతికిచ్చింది.

"ఊపు."

నాయుడు వచ్చిన కోపంతోనే తాడు లాగి, తన వైపే బిగపట్టాడు. దూలం కిర్రుమంది. పాప గుక్కపట్టింది.

"ఓలమ్మో, చేపని లాగినట్టు లాగతన్నావేటి మావా!" అంది పైడమ్మ మంచం మీంచి.

చిన్నారమ్మ అతని చేతి మీద చెయ్యి వేసి, వేళ్ళు ఒక్కొక్కటే వదులు చేసింది. ఉయ్యాల అటు పోయింది. తనే ఇటొచ్చింది. దూలం ఊరుకుంది. పాపా ఊరుకుంది.

హీటరు మాట ఎవరూ ఎత్తలేదు. నాయుడు చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. కిటికీలోంచి మంచు కొంచెం కొంచెంగా లోపలికొచ్చి, ఆ వెచ్చదనంలో ఎటుపోతోందో తెలీకుండా పోతోంది.

మర్నాడు కెపాసిటర్లు తెచ్చి, తన మైకుసెట్టులోకి వచ్చే కరెంటు తీగ మధ్యలో కట్టాడు. ఊగే కరెంటు లోపలికి పోయింది. ఒరిగే కరెంటు అక్కడే ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ నిద్రపోయినట్టు ఊరుకుంది.

సాయంత్రం తల్లి పాడింది. వెనక ముసలాళ్ళు లేవలేదు. ఒకాయన కళ్ళు మూసుకుని, ఆమెతోపాటు పెదాలు కదుపుతున్నాడు.

పాట అయ్యాక నాయుడు దగ్గరకొచ్చి మెల్లగా చెప్పాడు.

"అమ్మా, ఎదురింట్లో హీటరు ఇంకా నడుస్తనే ఉంది."

"నడవనీ నాయినా" అంది తల్లి. "చలి ఇంకా పోలేదు."