బొచ్చమ్మ తవ్విన ఇప్పమొక్క

అనగనగా, పిల్లలూ, రాళ్లెక్కువ, నీళ్లు తక్కువ ఉన్న ఒక అడవి. అక్కడ బొచ్చమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఎండాకాలంలో దానికి ఇప్పపువ్వే తిండి. ఒక ఏడు పెద్ద గాలివానకు ఇప్పచెట్లన్నీ కూలిపోయాయి. ఒకే ఒక్క మొలక మిగిలింది. ఆ ఏడే బొచ్చమ్మకు గుబిలి అనే కొడుకు పుట్టాడు.

"వీడూ ఇదీ ఒక ఈడు వాళ్లు. వీడు పెద్దయ్యేసరికి ఇది పూలు రాలుస్తుంది. నా బిడ్డకు ఆకలుండదు" అనుకుని, జింకలు మేయకుండా మొలకకు కాపలా కాసింది.

ఏడాది గడిచింది. గుబిలి తల్లి వీపు మీద పట్టనంత అయ్యాడు. మొక్కకు నాలుగాకులే.

"ఏమే, అంత బద్ధకమా?" అంది బొచ్చమ్మ.

"పెరుగుతూనే ఉన్నా అత్తా" అంది మొక్క.

రెండో ఏడు గుబిలి తల్లి భుజం అందుకున్నాడు. మొక్క జానెడు దాటలేదు.

"నా కొడుకును చూసైనా సిగ్గు తెచ్చుకో!"

"వాడు గబగబా పెరిగి ఆగిపోతాడత్తా. నేను నెమ్మది, కానీ బతికినన్నాళ్లూ పెరుగుతాను. ముందు వేరు దిగాలి. ఇంకో పదేళ్లు ఓపిక పట్టు."

మూడో ఏడు వాన మొహం చాటేసింది. గుబిలి తల్లంత అయ్యాడు, ఆకలీ అంతే అయింది. బొచ్చమ్మకు అనుమానం పుట్టింది. ఎలుగుబంటికి అనుమానం వస్తే తవ్వి చూడటం తప్ప ఇంకేం తెలుసు?

"నీ వేళ్లకు చెదలు పట్టాయే! అందుకే ఎదగవు. ఆ చెదల్ని తవ్వి తినేస్తానుండు."

"వద్దత్తా, చచ్చిపోతాను!"

వింటేగా! పరపరా తవ్వింది. చెదలు లేవు. వేరు ఉంది. మోకాలి లోతు తవ్వినా ఉంది, నడుము లోతు తవ్వినా ఉంది. జానెడు మొక్క కింద బొచ్చమ్మ నిలువుకు మించిన వేరు, బండల సందుల్లోంచి తడిమట్టి దాకా దిగింది. ఆ తడి తగిలేసరికే వేరు బొచ్చమ్మ గోళ్లకు ముక్కలైపోయింది.

"ఇంత పెరిగావా తల్లీ!" అని బొచ్చమ్మ ఘొల్లుమంది. మట్టి మళ్లీ కప్పింది, పాదాలతో అదిమింది. సాయంత్రానికి ఆకులు వేలాడిపోయాయి.

గుబిలి వచ్చి పక్కన కూలబడ్డాడు. "ఆకలేస్తోందమ్మా. మన చెట్టు ఎప్పుడు పూస్తుంది?"

బొచ్చమ్మ ఆ మట్టిని ఇంకోసారి అదిమింది. ఆ అడవిలో ఇంకెప్పుడూ ఇప్పపువ్వు రాలలేదు.

నీతి: ఒకరు ఎదిగే వేగంతో ఇంకొకరిని కొలవకూడదు, కంటికి కనపడనంత మాత్రాన ఎదుగుదల లేదనుకోకూడదు.