మేడిపళ్ళు మోసిన రాకుమారుడు

పూర్వమెప్పుడో, సముద్రపు ఒడ్డున ఒక రాజు ఉండేవాడర్రా. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ ఓడెక్కి వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. కరాళుడనే మాంత్రికుడు వాళ్ళను రాతిబొమ్మలు చేసి తన వాకిట్లో నిలబెట్టుకున్నాడు. రాజు ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నాడు.

మూడోవాడు మణిదత్తుడు అన్నలను వెతుక్కుంటూ బయలుదేరాడు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. కరాళుడి కోటలో బందీగా ఉన్న కువలయ అనే రాజకుమారి కిటికీలోంచి అతణ్ణి పిలిచింది.

"రాజకుమారా, వాడి ప్రాణం వాడిలో లేదు. ఉత్తరపు అడవిలో ఒక కొమ్ముపిట్ట ఉంది. అది చస్తేనే వాడు చస్తాడు" అని చెప్పింది.

మణిదత్తుడు అడవికి వెళ్ళాడు. పిట్ట కనబడింది. గద్దకన్నా పెద్దది. నల్లటి రెక్కలకు తెల్లటి పట్టీలు, ఎర్రటి కళ్ళు, బారెడు పసుపుపచ్చ ముక్కు, ఆ ముక్కు మీద దొప్ప బోర్లించినట్టు ఒక కొమ్ము. అది ఎగిరితే అడవంతా గాలివాన వచ్చినట్టు హోరు.

అతడు బాణం ఎక్కుపెట్టాడు. పిట్ట పారిపోలేదు.

"కొట్టు నాయనా. మాంత్రికుడి ప్రాణం మోయలేక నేనూ విసిగిపోయాను. కానీ ఆ చెట్టుతొర్ర చూడు. నా ఆడది లోపల గుడ్లు పొదిగింది. ద్వారం మట్టితో మూసేసుకుంది. ముక్కు పట్టేంత సందే ఉంది. ఈకలన్నీ రాలిపోయాయి, ఎగరలేదు. ఇద్దరు పిల్లలు. రోజూ మేడిపళ్ళు గొంతులో నింపుకొచ్చి, ఒక్కొక్కటే కక్కి అందిస్తాను. రేపట్నుంచి ఎవరు పెడతారు?"

మణిదత్తుడు తొర్ర వైపు చూశాడు. "నేను పెడతాను" అన్నాడు.

పిట్ట మెడ చాచింది. బాణం వదిలాడు. కోటలో కరాళుడు కుప్పకూలాడు. అన్నలకు ప్రాణం వచ్చింది. వాళ్ళు కువలయను వెంటబెట్టుకుని పరుగున వచ్చారు.

"పద తమ్ముడూ! నాన్నగారు మనకోసం ఎదురుచూస్తుంటారు."

"మీరు వెళ్ళండి అన్నయ్యా. ఈ పిట్టలకు మేత పెడతానని మాటిచ్చాను."

అన్నలు వెళ్ళారు. కువలయ వెళ్ళలేదు.

మొదటిరోజు అతడు పండు అందిస్తే తల్లిపిట్ట ముక్కు లోపలికి లాక్కుంది. రెండోరోజూ అంతే. మూడోరోజు పిల్లలు ఆకలికి కీచుమని ఏడిస్తే పండు తీసుకుంది. నలభై రోజులు అతడు చెట్లెక్కి పళ్ళు కోశాడు, కువలయ ఒడిలో పట్టి మోసింది.

నలభయ్యో రోజు తల్లిపిట్ట మట్టి పగలగొట్టుకుని, కొత్త ఈకలతో, పిల్లలతో బయటికి వచ్చింది.

"మా ఆయన ఏడీ?"

"నేనే చంపానమ్మా" అన్నాడు మణిదత్తుడు తలవంచుకుని.

అది అతణ్ణి చాలాసేపు చూసింది. పిల్లలను తీసుకుని కొండల వైపు ఎగిరిపోయింది.

మణిదత్తుడు ఇల్లు చేరేసరికి రాజు పోయి పదకొండు రోజులైంది.

"నన్ను అడిగారా?" అన్నాడు.

"అడిగారు. అడవిలో పిట్టలకు మేత పెడుతున్నాడని చెప్పాం" అన్నాడు పెద్దన్న. "'తింటున్నాయా?' అన్నారు. తింటున్నాయని చెబితే కళ్ళు మూసుకున్నారు."

అన్నలిద్దరూ కిరీటం తెచ్చి అతడి తలమీదే పెట్టారు. మైల తీరాక కువలయతో పెళ్ళి చేశారు. వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారర్రా.