దళపతి మంచం చుట్టూ

పిల్లలూ, ఒక్క రోగి మంచం చుట్టూ పరిచారికలంతా నిలబడితే ఆ రోగికి మంచిదా, చెడ్డదా? పరిచారికలంటే ఇప్పటి నర్సులే. ఆలోచిస్తూ వినండి.

పూర్వం ఒక రాజధాని వైద్యశాలలో పగటిపూట పరిచారికలకు పెద్ద, అంటే పూటపెద్ద, గవరమ్మ. ఎవరు ఏ రోగిని చూడాలో ఆవిడే పంచేది. ఒకరోజు కాలు బెణికిన దళపతి పల్లకీలో దిగాడు.

"అందరూ నా దగ్గరే ఉండాలి. కదిలితే కొలువు ఊడుతుంది!"

"పక్క గదిలో ఒకావిడ పురిటినొప్పులు పడుతోంది బాబూ. ఇద్దర్నైనా పంపనివ్వండి."

"కుదరదు!"

"చిత్తం. రండమ్మా" అంటూ గవరమ్మ అందరినీ మంచం చుట్టూ నిలబెట్టి, వీధివైపు కిటికీ బార్లా తెరిచింది.

ఆ ఊళ్లో రోగి ఆఖరి ఘడియల్లో ఉంటేనే పరిచారికలంతా ఒక మంచం దగ్గర చేరేవారు. అది అక్కడి ఆనవాయితీ. కిటికీలోంచి చూసినవాళ్లు దళపతి పోతున్నాడనుకుని గొల్లుమని ఏడ్చారు. పూజారి తులసితీర్థంతో పరుగెత్తుకొచ్చాడు. వెనకే వచ్చిన ఉపదళపతి కళ్లు తుడుచుకుంటూనే, దళపతి కత్తి తీసి తన నడుముకు పెట్టి చూసుకున్నాడు.

"ఒరేయ్, నాకు కాలే బెణికింది!" అని దళపతి అరిచాడు.

"ఇంతమంది చుట్టూ ఉంటే ఎవరు నమ్ముతారు బాబూ?" అంది గవరమ్మ.

"అయితే పొండి, అందరూ పొండి!"

కాసేపటికి పక్క గదిలో పసిబిడ్డ కేరుమంది. గవరమ్మ దళపతి కాలికి తానే నూనె రాసి కట్టు కట్టింది. "ఆవిడే మా పూటపెద్ద" అని పరిచారికలు ఊరంతా తలెత్తుకుని చెప్పుకున్నారు.

ఇక జవాబు మీరే చెప్పుకోండి. నా చిక్కుళ్లు సగం ఒలిచి వదిలేశాను, వెళ్తున్నా.