కార్డు లేనివాళ్ళకి అద్దెంత?

దగ్గరికి జరగండమ్మా. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చి కూర్చోండి. కాళ్ళు చాపుకోండి, ఏం పర్లేదు. కాళ్ళు అరిగినవాళ్ళ కథే చెప్పబోతున్నాను. స్వామిని ఒక్కసారి తలుచుకుని వినండి.

సాంబడని ఓ ముసలి ఎద్దు. వయసంతా గానుగ చుట్టూ తిరిగాడు. ఎంత నడిచినా ఎక్కడికీ చేరని నడక అది. మోకాళ్ళు అరిగాక యజమాని పలుపు విప్పేస్తే, ఒక్క కోరిక మిగిలింది: కొండమీది స్వామిని కళ్ళారా చూడాలి. ఈ ఒక్క నడకైనా ఎక్కడికో చేరాలి. తోడుగా ఈరమ్మ బయల్దేరింది. ఈరమ్మ గాడిద. చాకిరేవు మూటలు మోసి మోసి, మాట్లాడ్డం కూడా బరువే అన్నట్టుండేది.

సాంబడి మెడలో గంటతో పాటు ఏనుగుల బ్యాంకు క్రెడిట్ కార్డు కూడా వేలాడేది. తవుడైనా తెలకపిండైనా దాని మీదే కొని, గడువు దాటకుండా కట్టేసేవాడు. అందుకు మెచ్చి బ్యాంకు వాళ్ళు యాత్రలో సత్రం అద్దె సగానికి తగ్గేలా ఏర్పాటు చేశారు. ఆ కార్డంటే సాంబడికి ఎంత గర్వమో! అది గంటకు తగిలి టకటకలాడాలని దారిపొడుగునా మెడ ఊపుతూనే నడిచాడు.

కొండ కిందికి చేరేసరికి పొద్దు వాలింది, వాన పట్టుకుంది. ఈరమ్మ వీపున నాలుగు చొప్పకట్టలే మిగిలాయి. మెట్లదారిలో మేత దొరకదు. ఆ కట్టలుంటేనే కొండ ఎక్కడం, లేకపోతే వచ్చిన దారినే వెనక్కి. సత్రాల్లో అద్దె తీసుకునేదీ మేతగానే.

ఆ కొండ కింద ఒక కట్టుబాటుంది. స్వామి సన్నిధి కనక ఎవరూ ఎవర్నీ కొరకరాదు. అందుకే జంబన్న అనే నక్క అక్కడ సత్రం పెట్టుకున్నాడు. పళ్ళతో కొరకరాదన్నారు గానీ, అద్దెతో కొరకరాదని ఎవరూ అనలేదు కదా!

కార్డు చప్పుడు వినగానే జంబన్న వాకిట్లోకి ఉరికొచ్చాడు. "రండి పెద్దాయనా, రండి! ఏనుగుల బ్యాంకు కార్డే! మీలాంటివాళ్ళు రాక ఎన్నాళ్ళయింది!"

"తగ్గింపు ఉందా నాయనా?" అన్నాడు సాంబడు, మోకాలు సవరించుకుంటూ.

"ఒకటా? రెండు! వానాకాలం కదా, అద్దె ఎంతైనా మా సత్రం సగం తగ్గిస్తుంది. ఆ మిగిలినదాన్లో మీ కార్డు మళ్ళీ సగం తగ్గిస్తుంది. రెండూ కలిపి వాడుకోవచ్చు, స్వామి మీద ఒట్టు! ఒక కొట్టానికి పదహారు కట్టలు. వానకి ఎనిమిది, కార్డుకి నాలుగు. అంతే!"

సాంబడి కళ్ళు మెరిశాయి. "విన్నావా ఈరమ్మా? పన్నెండు కట్టలు మిగిలాయి!"

ఈరమ్మ వీపు ఓసారి కదిలించి చూసుకుంది. "ఎక్కడ మిగిలాయన్నా? నా వీపు మీద నాలుగే ఉన్నాయి. అవీ ఇతనికే పోతున్నాయి."

సాంబడు మనసులో మళ్ళీ లెక్కేసుకున్నాడు. పదహారు, ఎనిమిది, నాలుగు. చుట్టూ తిప్పి తిప్పి మళ్ళీ గానుగ దగ్గరే నిలబెట్టినట్టనిపించింది. కొండ పైన దీపం వానలో మసకగా కనిపిస్తోంది. పక్క సత్రం దాకా నడుద్దామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. కట్టలిచ్చేసి పడుకుంటే తెల్లారి ఇంటిదారే. "ఇచ్చెయ్యమ్మా," అన్నాడు నీరసంగా. "ఇంత దూరం వచ్చాం. ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుందాం."

ఈరమ్మ కట్టలు దించలేదు. అంతలో వానలో తడుస్తూ ఓ గొర్రెల మంద వచ్చింది, తలా ఓ కట్ట మోసుకుని. ముందు ఓబులేసు అనే పొట్టేలు. ఎవరి మెడలోనూ కార్డు లేదు.

ఈరమ్మ గొంతు పెంచింది. గాడిద గొంతు, చెప్పాలా! "జంబన్నా, కార్డు లేనివాళ్ళకి కొట్టం అద్దెంత?"

జంబన్న తోక వేలాడిపోయింది. "ఆ సంగతి నీకెందుకమ్మా?"

"మాక్కావాలి," అన్నాడు ఓబులేసు. "ఆరు కొట్టాలు కావాలి మాకు. చెప్పు. ఎక్కువైతే అవతల కుందేలు సత్రముంది, మా కాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి."

జంబన్న సాంబణ్ణి చూశాడు, మందను చూశాడు. పదహారంటే ఆరు కొట్టాల బేరమూ పోతుంది. గొంతు తగ్గించి, "నాలుగే. వాన తగ్గింపు పోను రెండు," అన్నాడు.

"గట్టిగా చెప్పు సామీ, చెవుల్లో నీళ్ళున్నాయి," అన్నాడు ఓబులేసు.

"రెండు!"

ఈరమ్మ సాంబడి వైపు తిరిగింది. "అన్నా, ఇప్పుడు చూపించు నీ కార్డు."

సాంబడు మెడ చాచాడు. "వాన తగ్గింపు పోను మిగిలినదాన్లో కార్డుకి సగం అన్నావు, నాయనా. స్వామి మీద ఒట్టు కూడా పెట్టావు."

"ఇక తోక ముడిచినా లాభం లేదు నక్కబావా," అంటూ మందలోంచి ఎవరో గొంతు మార్చి ఏడిపించారు. మందంతా నవ్వింది. జంబన్న ఒక్క కట్ట అందుకుని, ఆ కట్టంత చిన్నబోయి లోపలికి నడిచాడు.

ఆ రాత్రి సాంబడు పొడి గడ్డి మీద వాలి, కార్డును గంట వెనక్కి తోసేసుకున్నాడు, చప్పుడు చెయ్యకుండా. మర్నాడు మూడు కట్టలతో మెట్లెక్కారు. ఎక్కడ కూలబడితే అక్కడ కాస్త మేసి, మళ్ళీ లేచి, సాయంకాలానికి స్వామి ముందు నిలబడ్డాడు సాంబడు. "చేరానయ్యా," అన్నాడు. ఇంకేం అడగలేదు.

అసలు ధర తెలియనివాడికి తగ్గింపు కూడా ఖర్చే.

ఇంకేం మరిచిపోయినా ఫర్వాలేదు తల్లీ, ఈరమ్మ చేసిన ఆ ఒక్క పని మాత్రం గుర్తుపెట్టుకోండి: కార్డు తీసేముందు, అది లేనివాళ్ళకి ఎంతని అడగండి. ఈసారి ప్రయాణంలో మీరూ అలాగే అడగండి, గట్టిగా, పక్కవాళ్ళకి వినపడేలా.